హార్డ్ చేసిన టూల్ స్టీల్‌ని కోసేటప్పుడు స్పీడు, ఫీడు, లోతు ఎలా సెట్ చేసుకోవాలి

60 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సీ స్కేల్ మీద గట్టిదనం) జాబ్, అంటే కోయాల్సిన ముక్క, మెషిన్ టేబుల్ ఎక్కగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఫీడ్ (టూల్ ముందుకు పోయే వేగం) నాబ్‌ని 50 శాతానికి తిప్పడం. భయం, ఇంకేం కాదు. గట్టి స్టీలు కదా, మెల్లగా పోదాం, టూల్ బతుకుద్ది అనుకుంటాం. నేనూ చాన్నాళ్ళు అదే చేశాను. కానీ అలా చేస్తే టూల్ కోయదు, రుద్దుద్ది. రుద్దితే వేడి, వేడికి అంచు పోద్ది, అంచు పోయిందని మళ్ళీ ఫీడ్ తగ్గిస్తాం, ఇంకా రుద్దుద్ది. గట్టి స్టీల్లో తగ్గించాల్సింది ముందు లోతు గానీ వెడల్పు గానీ, ఆ తర్వాత స్పీడు. ఒక్కో పంటికి (కట్టర్ కోసే ఒక్కో అంచుకి) ఇచ్చే ఫీడ్‌ని ముట్టుకోవడం అన్నిటికంటే చివర. మిగతాదంతా ఈ మాట చుట్టూ తిరిగేదే, కింద ఒక్కొక్కటీ వరసగా చూద్దాం.

1. ముందు స్టీలేదో, గట్టిదనం ఎంతో తేల్చుకోండి

హెచ్‌ఆర్‌సీ నంబర్ ఒక్కటే చూసి స్పీడ్ పెట్టేస్తే పొరపాటే. డీ2 తీసుకోండి, షాపులో హెచ్‌సీహెచ్‌సీఆర్ అంటామే ఆ బాపతు, అందులో కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం దగ్గర్లో ఉంటాయి. ఆ రెండూ కలిసి స్టీల్ లోపల పెద్ద పెద్ద కార్బైడ్ గింజలు కడతాయి, అవి చుట్టూ ఉన్న మెటల్ కంటే ఎంతో గట్టివి. సిమెంట్లో కంకర ఉన్నట్టు అనుకోండి. టూల్ అంచు ప్రతి చుట్టులో ఆ కంకర మీద నుంచి పోవాల్సిందే. అదే హెచ్13లో కార్బన్ 0.4, క్రోమియం 5 శాతం దగ్గర, కార్బైడ్లు తక్కువ, ఉన్నవి కూడా చిన్నవి. రెండూ మీటర్లో 52 చూపించినా డీ2 దగ్గర టూల్ తొందరగా అరిగిపోద్ది. అందుకే పక్క మెషిన్‌లో హెచ్13కి బాగా నడిచిన కండిషన్ తెచ్చి డీ2 మీద పెట్టి, ఇన్సర్ట్ (మార్చి పెట్టుకునే కోసే ముక్క) కంపెనీని తిట్టుకుంటే లాభం లేదు.

హార్డ్‌నెస్ చూసేటప్పుడు ఇంకో చిన్న విషయం. హీట్ ట్రీట్‌మెంట్ నుంచి వచ్చిన జాబ్ పైపొరలో కార్బన్ పోయి మెత్తబడి ఉండొచ్చు, దాని మీదే రాక్‌వెల్ పెడితే 54 చూపిస్తది, లోపలేమో 60. ఓ మూల కొంచెం గ్రైండ్ చేసి చూడండి. దీనికి ఉల్టా కేసు కూడా ఉంది, నైట్రైడింగ్ (పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం) చేసిన డై రిపేర్‌కి వస్తే లోపల 48 ఉన్నా పైపొర చాలా గట్టిగా ఉంటది, ఈడీఎం (కరెంటు స్పార్క్‌తో కోయడం) చేసిన చోట కూడా కరిగి మళ్ళీ గడ్డకట్టిన పలచని తెల్ల పొర ఒకటి ఉంటది. ఇలాంటి చోట మొదటి పాస్ ఆ పొర మీద జారుతూ పోకూడదు, ఒకేసారి దాని కింద నుంచి పోయేంత లోతు ఇవ్వాలి. పైపైన గీకుదాంలే అనుకుంటే టూల్ మొత్తం అత్యంత గట్టి చోటే తిరుగుతుంటది. వెల్డింగ్ పెట్టి నింపిన ప్యాచ్ ఉందేమో కూడా అడిగి తెలుసుకోండి, అక్కడ గట్టిదనం ఎంతుంటదో చూస్తే గానీ చెప్పలేం.

2. నంబర్ల జోలికి పోయే ముందు పట్టు చూడండి

స్పీడూ ఫీడూ గురించి గంట మాట్లాడతారు గానీ రనౌట్ (తిరిగేటప్పుడు టూల్ ఎంత పక్కకి ఊగుతుందో) ఎంతో అడిగితే తలగోక్కుంటారు. డయల్ గేజ్ పెట్టి, స్పిండిల్‌ని చేత్తో మెల్లగా తిప్పి, కట్టర్ షాంక్ (పట్టుకునే కాడ) మీద కాకుండా వీలైనంత కింద, కోసే భాగానికి దగ్గర్లో చూడండి. ఎందుకంటే, ఉదాహరణకి రెండు ఫ్లూట్ల (అంటే రెండు పళ్ళ) కట్టర్‌తో పంటికి 0.03 ఎంఎం ఫీడ్ ఇచ్చారనుకోండి. డయల్ 0.02 చూపించిందంటే ఒక పన్ను రెండోదానికంటే 0.02 బయటికి ఉన్నట్టు. స్లాట్ (కట్టర్ వెడల్పంత గాడి) కొట్టేటప్పుడు ఆ పన్ను 0.05 తింటది, రెండోది 0.01 తింటది. అంటే ఒకదానికి ఓవర్‌లోడ్, ఇంకోటి ఉత్తినే రుద్దుతూ ఉంది, మీరేమో రెండూ 0.03 తింటున్నాయని ప్రోగ్రామ్‌లో రాసుకున్నారు. మెత్తటి స్టీల్లో ఇది నడిచిపోద్ది, ఇక్కడ నడవదు. 10 ఎంఎం కట్టర్‌కి 0.01 లోపు ఉంచండి, 3 ఎంఎం లాంటి చిన్నవాటికి 0.005 లోపు. ష్రింక్ ఫిట్ గానీ హైడ్రాలిక్ హోల్డర్ గానీ ఉంటే మంచిది, లేకపోతే మామూలు కాలెట్ (టూల్‌ని బిగించే చీలికల గొట్టం) తోనే, కాలెట్, నట్, హోల్డర్ లోపలి టేపర్ మూడూ శుభ్రంగా తుడిచి పెట్టండి. నా దగ్గర ఓసారి 6 ఎంఎం బాల్‌నోస్‌లు (కొన బంతిలా ఉండే కట్టర్లు) వరసగా మూడు విరిగాయి, పొద్దున్నుంచి స్పీడ్ మారుస్తూ ఫీడ్ మారుస్తూ కూర్చున్నా, సాయంత్రం కాలెట్ విప్పితే దాని చీలికలో సన్నటి రజను ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. తీసి తుడిచి పెట్టాక పొద్దున విరిగిన అదే ప్రోగ్రామ్ చివరిదాకా నడిచింది.

తర్వాత, టూల్ ఎంత బయటికి ఉంది. టూల్ వంగడం బయటికి ఉన్న పొడవు ఘనంతో పెరుగుద్ది. 40 ఎంఎం బయటికి పెట్టాల్సింది 50 పెట్టారంటే వంగుడు దాదాపు రెట్టింపు అయినట్టే. డయా వైపు ఇంకా ఎక్కువ, నాలుగో ఘాతం, అందుకే పాకెట్ మూల రేడియస్ ఒప్పుకుంటే 8 బదులు 10 వేసుకోవడం ఏ కోటింగ్ మార్చడం కంటే పెద్ద లాభం. లోతు పాకెట్ కోసం మొదటి నుంచీ పొడుగు టూల్ పెట్టకండి, పై సగం పొట్టి టూల్‌తో, కింది సగమే పొడుగుదానితో.

జాబ్ పట్టు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, కదలకూడదు. హీట్ ట్రీట్‌మెంట్‌లో ప్లేట్ వంకర పోయి ఉంటది కాబట్టి వైస్‌లో బిగిస్తే సాఫుగా కనపడి, వదిలేశాక మళ్ళీ వంకర తిరుగుద్ది, అది మాత్రం గుర్తుంచుకోండి.

3. టూల్ ఎంచుకోవడం

హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌ని పక్కన పెట్టేయండి, 45 దాటిన దగ్గర దానితో కుస్తీ వద్దు. మిల్లింగ్‌కి సన్న గ్రెయిన్ సాలిడ్ కార్బైడ్ (మొత్తం టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేసిన టూల్), అల్యూమినియం ఎక్కువున్న కోటింగ్, అంటే టైటానియం అల్యూమినియం నైట్రైడ్ రకం. ఆ కోటింగ్ వేడెక్కినప్పుడు పైన అల్యూమినియం ఆక్సైడ్ పొర కడుతుంది, ఆ పొరే టూల్‌కి గొడుగు. ఇంకా ఫ్లూట్లు ఎక్కువ ఉన్నవి, కోర్ లావుగా ఉన్నవి, కత్తిలా పదునుగా కాకుండా అంచు కొంచెం మొండి చేసినవి చూసుకోండి. అల్యూమినియంకి వాడే పదును కట్టర్ ఇక్కడ మొదటి సెంటీమీటర్లోనే అంచు రాల్చుకుంటది. మూలలో చిన్న రేడియస్ ఉన్న ఎండ్‌మిల్ తీసుకోండి, 0.5 అయినా పర్లేదు. చదరం మూల ఉన్నది ఎప్పుడూ మూల దగ్గరే ముందు పోద్ది.

టర్నింగ్‌లో, అంటే లేత్ పనిలో, 55 దాటితే సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్, చాలా గట్టి టూల్ పదార్థం). ఇందులో రెండు రకాలు, సీబీఎన్ శాతం తక్కువగా ఉండి సిరామిక్ బైండర్ ఎక్కువున్నది ఆగకుండా తిరిగే ఫినిష్ కట్‌కి, శాతం ఎక్కువున్నది కీవే లాంటివి మధ్యలో అడ్డం వచ్చే కట్‌కి. పేరు చూసి ఎక్కువ శాతం అంటే మంచిది అనుకుంటారు, అది లెక్క కాదు. నున్నటి షాఫ్ట్ ఫినిష్‌కి తక్కువ శాతందే ఎక్కువ సేపు ఉంటది. అల్యూమినియం ఆక్సైడ్, టైటానియం కార్బైడ్ కలిసిన నల్ల సిరామిక్ కూడా పనిచేస్తది, చవక, కాకపోతే దెబ్బకి ఓర్చుకోదు.

4. మొదలుపెట్టే నంబర్లు

కోటెడ్ కార్బైడ్ ఎండ్‌మిల్‌కి స్పీడు, అంటే అంచు మెటల్ మీద పోయే వేగం, నేను ఇలా మొదలుపెడతాను: 45 నుంచి 50 హెచ్‌ఆర్‌సీ అయితే నిమిషానికి 80 మీటర్లు, 50 నుంచి 55 అయితే 65, 55 నుంచి 60 అయితే 50, 60 దాటితే 40. డీ2 అయితే ఇందులోంచి ఇంకో పది శాతం కోస్తాను. ఇవి జాగ్రత్త నంబర్లు, కేటలాగ్‌లో ఇంతకంటే ఎక్కువే ఉంటాయి, మెషిన్ గట్టిగా ఉండి పాస్ పలచగా ఉంటే నిజంగానే ఎక్కువ పోవచ్చు. సీబీఎన్ టర్నింగ్‌కి 60 హెచ్‌ఆర్‌సీ దగ్గర 120 మీటర్లు, ఫీడ్ చుట్టుకి 0.08, లోతు 0.15 ఎంఎం.

లెక్క తెలిసిందే, స్పీడ్‌ని 1000తో గుణించి, డయాని 3.14తో గుణించి, దీనితో దాన్ని భాగించాలి. హెచ్13, 50 హెచ్‌ఆర్‌సీ, 10 ఎంఎం 4 ఫ్లూట్ కట్టర్, 80 మీటర్లు: 80000 బై 31.4, అంటే 2550 ఆర్‌పీఎం. పంటికి 0.05 ఇస్తే 0.05 ఇంటూ 4 ఇంటూ 2550, నిమిషానికి 510 ఎంఎం. ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. కానీ అసలు కథ ఇక్కడే మొదలవుద్ది.

5. చిప్ మందం లెక్క, ఇదొక్కటి అర్థమైతే సగం పని అయినట్టే

మీరు పంటికి 0.05 ఇచ్చినా, కట్టర్ సైడ్‌కి తినే వెడల్పు డయాలో సగం కంటే తక్కువైతే చిప్ 0.05 మందం రాదు. పన్ను పక్క నుంచి గీసుకుంటూ పోద్ది, చిప్ పలచబడుద్ది. 10 ఎంఎం కట్టర్ సైడ్‌కి 0.5 ఎంఎం తింటుందనుకుందాం, అంటే 5 శాతం. ఆ 5 శాతాన్ని, అంటే 0.05ని, మిగిలిన 0.95తో గుణించి, వర్గమూలం తీసి, రెండింతలు చేస్తే 0.436. అంటే మీరిచ్చిన 0.05 ఫీడ్‌కి అసలు చిప్ మహా అయితే 0.022 మందం. మొండి చేసిన అంచుకి ఇది మరీ తక్కువ, అంచు మొండితనం కంటే చిప్ పలచగా ఉంటే మెటల్ చిప్‌గా లేవదు, కిందకి నొక్కుకుపోద్ది, అదే రుద్దుడు. నాకు 0.03 చిప్ కావాలి అనుకుంటే 0.03ని 0.436తో భాగించాలి, పంటికి 0.069 వస్తది, 0.07 అనుకోండి. అప్పుడు ఫీడ్ 714. అంటే భయపడి 510ని 250కి తగ్గించే చోట నిజానికి 700కి పెంచాలి! మొదటిసారి ఈ మాట వింటే ఎవరూ నమ్మరు, నేనూ నమ్మలా, సైకిల్ స్టార్ట్ నొక్కి కళ్ళు సగం మూసుకుని నిలబడ్డా. శబ్దం తగ్గింది. కీచుమనే శబ్దం పోయి, దుప్పటి చింపుతున్నట్టు ఒకే రకం చప్పుడు వచ్చింది.

దీన్నుంచే ట్రోకాయిడల్ పద్ధతి వచ్చింది. లోతు టూల్ డయా అంత, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పెట్టి, సైడ్‌కి మాత్రం 3 నుంచి 6 శాతమే తింటూ గుండ్రంగా తిప్పుకుంటూ పోవడం. పన్ను ప్రతి చుట్టులో కొద్దిసేపే మెటల్‌లో ఉంటది, మిగతా చుట్టంతా గాలిలో చల్లబడుద్ది, అరుగుదల కూడా కింది రెండు ఎంఎం మీదే పడకుండా ఫ్లూట్ పొడవునా పంచుకుంటది. గట్టి స్టీల్లో నిండు స్లాట్ కొట్టడం మాత్రం నాకు అస్సలు నచ్చదు, తప్పదంటే లోతు డయాలో 3 నుంచి 5 శాతం దాటనివ్వకండి.

6. బాల్‌నోస్ మోసం

10 ఎంఎం బాల్‌నోస్ పెట్టి, లోతు 0.2 ఇచ్చి, 10 ఎంఎం లెక్కనే 2550 ఆర్‌పీఎం కొడితే ఏమవుతుందో చూడండి. 0.2 లోతులో బంతి మెటల్‌ని తాకే డయా 10 కాదు. లోతుని, డయాలోంచి లోతు తీసేసిన దానితో గుణించండి, 0.2 ఇంటూ 9.8, 1.96 వచ్చింది, వర్గమూలం 1.4, రెండింతలు 2.8 ఎంఎం. అంటే నిజంగా కోస్తున్న స్పీడు 80 కాదు, 22 మీటర్లు. 80 కావాలంటే 9100 ఆర్‌పీఎం కొట్టాలి. బంతి కొన దగ్గరైతే స్పీడు సున్నా, అక్కడ కోయడం ఉండదు, నలపడమే. ఫ్లాట్ చోట బాల్‌నోస్‌తో ఫినిష్ చేస్తే మచ్చమచ్చగా, గీకినట్టు వచ్చేది ఇందుకే. ఐదు యాక్సిస్ ఉంటే టూల్‌ని, లేకపోతే జాబ్‌ని వంచి పెట్టండి. 15 డిగ్రీలు వంచితే అదే 0.2 లోతుకి తాకే డయా 5.2 దాకా పోద్ది, దాదాపు రెట్టింపు. రెండూ కుదరకపోతే ఫ్లాట్ భాగానికి వేరే కార్నర్ రేడియస్ కట్టర్ వాడండి, వాలు గోడలకే బాల్ ఉంచండి.

స్టెప్‌ఓవర్ (పక్కపక్క పాస్‌ల మధ్య దూరం) సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. స్టెప్‌ఓవర్‌ని దానితోనే గుణించి, నాలుగు డయాలతో భాగిస్తే మిగిలే గట్టు ఎత్తు. 10 ఎంఎం బాల్, 0.2 స్టెప్ అంటే 0.04 బై 40, ఒక మైక్రాన్. పాలిష్‌కి పోయే జాబ్‌కి ఇంతకంటే సన్నం అక్కర్లేదు, ఊరికే మెషిన్ టైమ్ తినడం.

7. కూలెంటా, గాలా

మిల్లింగ్‌లో గాలి. పన్ను లోపలికి పోయినప్పుడు ఎర్రగా కాగుద్ది, బయటికి రాగానే నీళ్ళు పడితే ఒక్కసారిగా చల్లబడుద్ది, నిమిషానికి వేలసార్లు ఇదే, అంచుకి అడ్డంగా దువ్వెన పళ్ళలా సన్న పగుళ్ళు వస్తాయి. భూతద్దంలో ఆ దువ్వెన కనపడిందంటే కూలెంట్ ఆపమని టూల్ చెప్తున్నట్టే. గాలి ఎందుకంటే చల్లబరచడానికి కాదు, రజను ఊడ్చడానికి. గట్టి స్టీల్ చిప్ మళ్ళీ పంటి కిందకి వస్తే అంచు రాలిపోద్ది, అందుకే నాజిల్‌ని టూల్ కొనకి సూటిగా పెట్టండి, లోతు పాకెట్ అయితే రెండు నాజిల్స్. సన్న నూనె తుంపర కూడా ఫినిష్‌కి బాగుంటది.

సీబీఎన్ టర్నింగ్‌లో డ్రైగా పోవచ్చు, కూలెంట్ పెట్టాలంటే మొదటి నుంచి చివరిదాకా ధారగా ఉండాలి. మధ్యలో పైపు పక్కకి తప్పి ఆగి ఆగి పడితే అదే ఇన్సర్ట్‌కి చావు. ఇంకోటి, డ్రై హార్డ్ టర్నింగ్‌లో చిప్ మండే రంగులో వస్తది, మెషిన్ కింద నూనె గుడ్డలు, పాత నూనె మడుగు లేకుండా చూసుకోండి, నిప్పు అంటుకోవడానికి ఎంతో సేపు పట్టదు.

8. టూల్ లోపలికి పోయే దారి, బయటికి వచ్చే దారి

టూల్ మధ్యలో చావడం తక్కువ, దిగేటప్పుడూ వచ్చేటప్పుడే ఎక్కువ. సూటిగా కిందకి గుచ్చకండి, హెలికల్‌గా దించండి, వాలు ఒక డిగ్రీ చాలు. సైడ్ నుంచి వచ్చేటప్పుడు ఆర్క్‌లో రానివ్వండి. క్లైంబ్ మిల్లింగే, చిప్ లావుగా మొదలై పలచగా ముగియాలి. మూలల దగ్గర టూల్ ఒక్కసారిగా సగం డయా దాకా తింటది, స్ట్రెయిట్ గోడ మీద 5 శాతం పెట్టామని సంబరపడితే మూలలో ఆ లెక్క గోవిందా. అందుకే పాకెట్ మూల 5 ఎంఎం రేడియస్ అయితే 10 ఎంఎం కట్టర్‌తో పోవద్దు, 8 తో పోండి, టూల్ మూల చుట్టూ తిరిగి రావడానికి చోటుండాలి.

టర్నింగ్ జాబ్‌కి ఎంట్రీ, ఎగ్జిట్ రెండు వైపులా చాంఫర్ హార్డ్‌నింగ్‌కి పంపకముందే కొట్టి ఉంచండి. సీబీఎన్ అంచు రాలేది ఎక్కువగా ఆ చదరం మూల తగిలినప్పుడే. హార్డ్‌నింగ్‌కి పంపేవాళ్ళతో ముందే మాట్లాడుకుంటే ఖర్చు లేని లాభం ఇది. పనిలో పని, డయా మీద 0.3 నుంచి 0.5 ఎంఎం స్టాక్ సమానంగా ఉంచమని కూడా చెప్పండి. చక్‌లో పెట్టాక డయల్‌తో చూడండి, షాఫ్ట్ వంగి ఒక వైపు 0.15 ఎక్కువ ఉంటే, మొదటి పాస్ ఒక పక్కనే తగులుతూ పోద్ది, ఇంటరప్టెడ్ కట్ లెక్కే అది.

9. టెస్ట్ కట్, ఆ తర్వాత టూల్ ఏం చెప్తుందో చూడటం

ఇక్కడ ఓపిక కావాలి. ఒక కొత్త టూల్, పైన వచ్చిన నంబర్లు, 5 నిమిషాలు కోసి ఆపండి. తీసి భూతద్దంలో చూడండి, కనీసం 20 రెట్లు పెద్దగా కనపడాలి. ఒక నోట్‌బుక్‌లో నిమిషాలు, కనపడింది రాయండి. మళ్ళీ 5 నిమిషాలు. ఒకసారికి ఒక్కటే మార్చండి, స్పీడూ ఫీడూ రెండూ కలిపి మారిస్తే ఏది పని చేసిందో మీకే తెలియదు.

అంచు కింద పక్క సమానంగా, ఒక తెల్ల పట్టీలా అరిగిందా? మంచిదే, అదే ఆరోగ్యమైన అరుగుదల. ఆ పట్టీ తొందరగా వెడల్పు అవుతుంటే స్పీడు ఎక్కువైందని, స్పీడ్ ఒక్కటే 15 శాతం తగ్గించండి. అంచు అక్కడక్కడా ఊడి రంపంలా ఉందా? ఇది వేడి కాదు, దెబ్బ, రనౌట్ చూడండి, స్టిక్‌ఔట్ (టూల్ బయటికి ఉన్న పొడవు) చూడండి, ఎంట్రీ చూడండి, ఇవన్నీ బాగున్నాకే పంటి ఫీడ్ కొంచెం తగ్గించండి. మూల ఒక్కటే పోతే కార్నర్ రేడియస్ పెంచండి. సరిగ్గా లోతు గీత దగ్గర గాటు పడితే పాస్ పాస్‌కి లోతు కొంచెం మార్చండి, ఒకే చోట తగలకుండా. అంచు మెరుస్తూ నున్నగా పాలిష్ అయినట్టు కనపడి, జాబ్ మాత్రం వేడెక్కి, సైజు పెద్దగా వస్తుంటే రుద్దుతుందని, ఫీడ్ పెంచండి. ఇంత చెప్పినా ఆ ఒక్క పనికే చెయ్యి రాదు, తెలుసు.

చిప్ కూడా చూడండి. చిప్ తనతో వేడిని మోసుకుపోవాలి, జాబ్ చల్లగా ఉండాలి. పాస్ అవ్వగానే జాబ్ మీద చెయ్యి పెట్టగలిగితే బాగున్నట్టు. చిప్స్ ఒక సైజులో, ఒక రంగులో పడుతుంటే పర్లేదు, పిండిలా దుమ్ము మాత్రమే వస్తుంటే చిప్ మరీ పలచన.

స్పీడు ఎంత మార్చితే ఏమవుతుందన్నదానికి 1907లో ఫ్రెడరిక్ టేలర్ బయటపెట్టిన సూత్రమే ఇప్పటికీ గతి. స్పీడుని, ఒక ఘాతం వేసిన టూల్ లైఫ్‌తో గుణిస్తే ఎప్పుడూ ఒకే అంకె వస్తదని దాని అర్థం. కార్బైడ్‌కి ఆ ఘాతం 0.25 దగ్గర అనుకుంటే, స్పీడు 20 శాతం పెంచితే టూల్ లైఫ్ సగానికి పడిపోద్ది, 20 శాతం తగ్గిస్తే దాదాపు రెండున్నర రెట్లు పెరుగుద్ది. ఫీడ్ పెంచితే లైఫ్ తగ్గదని కాదు గానీ ఇంత దారుణంగా తగ్గదు. కాబట్టి టైమ్ తగ్గించాలంటే ముందు ఫీడ్, ఆ తర్వాతే స్పీడ్. ఒకటే పీసు, పెద్ద డై, ఫినిష్ పాస్ 3 గంటలు అయితే నేను స్పీడు తగ్గించి ఒక టూల్‌తో చివరిదాకా పోయేలా చూస్తా, మధ్యలో టూల్ మారిస్తే కలిసిన చోట గీత పడుద్ది. 200 పీసుల ఆర్డర్ అయితే లెక్క వేరే, అక్కడ టూల్ ఖర్చూ మెషిన్ గంట ఖర్చూ పక్కపక్కన వేసుకుని చూడాలి. అలాంటప్పుడు రెండు స్పీడ్లు పెట్టి, ఒక్కోదానికి అంచు అరుగుదల 0.1 ఎంఎం చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుంటే మీ మెషిన్‌కి, మీ స్టీల్‌కి మీ సొంత ఘాతం తేలుద్ది, కేటలాగ్‌ది అక్కర్లేదు.

10. ఫినిష్ పాస్, సైజు

టర్నింగ్‌లో ఫినిష్‌ని ముందే లెక్కకట్టొచ్చు. ఫీడ్‌ని దానితోనే గుణించి, ఎనిమిది నోస్ రేడియస్‌లతో భాగించండి. ఫీడ్ 0.1, రేడియస్ 0.8 అయితే 0.01 బై 6.4, శిఖరం ఎత్తు ఒకటిన్నర మైక్రాన్ దగ్గర, ఆర్‌ఏ (సగటు గరుకుతనం) అందులో దాదాపు నాలుగో వంతు. వైపర్ ఇన్సర్ట్ (కొన పక్కన చదును అంచు ఉన్నది) అయితే ఫీడ్ దాదాపు రెట్టింపు చేసినా అదే ఫినిష్ వస్తది. నోస్ రేడియస్ పెద్దది పెడితే ఫినిష్ బాగుంటది గానీ, లోతు రేడియస్ కంటే చాలా తక్కువ కాబట్టి బలమంతా జాబ్‌ని వెనక్కి తోస్తది, సన్న షాఫ్ట్ అయితే చాటర్ (వణుకు) మొదలు. 0.8తో చాటర్ వస్తే 0.4కి దిగండి.

సైజు 0.01 ఎక్కువ వచ్చిందని 0.005 లోతుతో ఇంకో పాస్ వేయడం మెత్తటి స్టీల్ అలవాటు. ఇక్కడ 0.005 కోయదు, రుద్దుద్ది, ఒకసారి ఏమీ తీయదు, ఇంకోసారి ఒక్కసారిగా తీసేస్తది. దానికి బదులు సెమీ ఫినిష్‌లో 0.1 సమానంగా ఉంచి, కొలిచి, ఆఫ్‌సెట్ సరిచేసి, ఒక్క పాస్‌లో అయిపోయేలా ప్లాన్ చేసుకోండి. సెమీ ఫినిష్, ఫినిష్ రెండూ ఒకే రకం బలంతో పోతే టూల్ వంగడం కూడా ఒకేలా ఉంటది, సైజు పట్టుకోవడం తేలిక.

ఇంకో కంటికి కనపడని సంగతి, తెల్ల పొర. అరిగిన టూల్‌తో లాగిస్తే జాబ్ పైపొర మైక్రాన్ల మందాన మళ్ళీ కాగి ఒక్కసారిగా చల్లబడుద్ది, టెంపర్ కాని పెళుసు మార్టెన్‌సైట్ (ఒక్కసారిగా చల్లారిన స్టీల్ గట్టి రూపం) అవుద్ది. పాలిష్ చేసి యాసిడ్ రుద్ది మైక్రోస్కోప్‌లో చూస్తే తెల్లగా కనపడుద్ది, అందుకే ఆ పేరు. బయటికి మాత్రం అద్దంలా మెరుస్తూ, సైజు కరెక్ట్‌గా, ఇన్‌స్పెక్షన్ పాస్ అయిపోద్ది. పంచ్ లాంటి దెబ్బ తగిలే జాబ్ అయితే తర్వాత అక్కడ నుంచే పగులుద్ది. అందుకే రఫింగ్‌లో 0.3 ఎంఎం అరుగుదల దాకా లాగినా, ఫినిష్ ఇన్సర్ట్‌ని 0.1 నుంచి 0.15 దగ్గరే తీసేయండి. తీసినదాన్ని పారేయకండి, సెమీ ఫినిష్‌కి వాడుకోండి.

11. రంధ్రాలు, మరలు

వీలైనవన్నీ హార్డ్‌నింగ్ ముందే వేయించండి. మర్చిపోయి వచ్చిందంటే, గట్టి స్టీల్ కోసమే చేసిన సాలిడ్ కార్బైడ్ డ్రిల్, 55 హెచ్‌ఆర్‌సీకి 20 మీటర్ల స్పీడ్, 6 ఎంఎం డ్రిల్‌కి చుట్టుకి 0.03 ఫీడ్, అంటే 1060 ఆర్‌పీఎం, నిమిషానికి 32 ఎంఎం. సెంటర్ డ్రిల్ పెట్టకండి, దాని వాలులో కార్బైడ్ డ్రిల్ మూలలు ముందు తగిలి రాలతాయి, సాఫీగా ఉన్న ఫ్లాట్ మీద నుంచే నేరుగా దించండి. అవతలి వైపు బయటపడే ముందు ఫీడ్ సగం చేయండి, టూల్ అరుగుదల చూడకుండా ముందుగానే ఫీడ్ తగ్గించమని నేను చెప్పే ఒకే ఒక్క చోటు ఇది. ట్యాప్ జోలికి పోకుండా థ్రెడ్ మిల్ (గుండ్రంగా తిరుగుతూ మర కోసే కట్టర్) వాడండి, ట్యాప్ లోపల విరిగితే స్పార్క్ పెట్టి తీయాలి, థ్రెడ్ మిల్ విరిగితే రంధ్రం కంటే సన్నం కాబట్టి ముక్క ఊడి వచ్చేస్తది. పూర్తి లోతు ఒకేసారి కాకుండా రేడియల్‌గా రెండు మూడు పాస్‌లు, చివరిది మళ్ళీ అదే సైజులో ఒక చుట్టు తిప్పి, గో గేజ్ (మర సైజు సరిపోయిందో చూసే గేజ్) పెట్టి చూడండి. గేజ్ మొదటి చుట్టులో బిగిసిందంటే టూల్ వంగిందని, రేడియస్ ఆఫ్‌సెట్ 0.01 చొప్పున మార్చుకుంటూ పోండి.